రోత పుట్టని దుకాణం

పోయిన ఆదివారం మా అక్క బిడ్డ మెట్‌పల్లి నుంచి కరీంనగర్ వచ్చి, చెప్పులు విడవకముందే, "చిన్నమ్మా, నేను పచ్చబొట్టు ఏయించుకుంట. దుకాణం నువ్వే సూడాలె" అంది. పచ్చబొట్ల దుకాణాలతో నాకేం సంబంధమని అడిగాను. "ఏం లేదు. నీకు రోత పుట్టని జాగ ఒక్కటన్న ఉంటే, గదే మంచి జాగ అయితది గదా" అంది. కోపం తెచ్చుకోవడానికి లేదు. మా ఇంట్లో నా రోతకు పెద్ద పేరే ఉంది. పెళ్లిలో వడ్డించేవాడి గోళ్లు చూసి పస్తుతో తిరిగొచ్చే మనిషిని. హోటల్లో గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, తాగకుండానే దించేస్తాను. బస్సులో కడ్డీని కొంగు అడ్డం పెట్టుకుని తప్ప పట్టుకోను. మా ఆయన నన్ను బయట తిండికి తీసుకుపోవడం ఎప్పుడో మానేశాడు. ఇంతకాలానికి ఈ గుణానికి ఒక పని దొరికింది.

ఏం బొమ్మ అని అడిగితే ఫోన్ తీసి చూపించింది. మా అక్క ఫొటో. వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ముంజేతి మీద పచ్చబొట్టు చిలుక. పిల్ల దాన్ని వేళ్లతో పెద్దది చేసి, "గిదే, అచ్చం గిట్లనే" అంది. నేను ముఖం తిప్పుకున్నాను. ఆ చిలుకంటే నాకు అసహ్యం. లోకంలో ఎన్ని మురికి వస్తువులున్నా నా కంటికి దానంత మురికిది లేదు.

అక్కను బెల్లంపల్లికి ఇచ్చారు. బావది బొగ్గుబాయిలో పని. అంతకుముందు, మా అవ్వ కాలంలో, పచ్చబొట్టు పొడిచే ఆమె ఇంటికే వచ్చేదట. దీపం మసిని చనుబాలతో రంగరించి, సూదుల కట్టతో పొడిచి, పైన పసుపు అద్ది పోయేదట. అవ్వ ఆ ముచ్చట మురిపెంగా చెప్పేది. ఆమె తమలపాకు నములుతూ, మధ్యమధ్య పక్కకు ఉమ్ముతూ పొడిచేదన్న చోటికి వచ్చేసరికి నేను లేచి అవతలికి పోయేదాన్ని. పచ్చబొట్టు లేని చేతి నీళ్లు అత్తగారింట్లో తాగరని అవ్వ మమ్మల్ని భయపెట్టేది. నేను వినలేదు. అక్క విన్నది గానీ, ఇంటికొచ్చే ఆమెతో మాత్రం వద్దంది. జాతరలో మిషన్‌తో వేస్తారు, గీత సన్నగా వస్తుందని దాని ఆశ. పెళ్లయిన మరుసటి ఏడు బెల్లంపల్లి దగ్గరి జాతరకు నన్ను కూడా వెంటబెట్టుకుని పోయింది.

అక్క ఏది కొన్నా ఒకటే పద్ధతి. మంది ఎక్కడుంటే అక్కడికి పోవడం. గాజులైనా, చేపలైనా, మిర్చిబజ్జీలైనా అంతే. అందులో తెలివి లేకపోలేదు. మంది ఉన్న బండి మీద బజ్జీ చల్లారదు, మంది మూగిన గంపలో చేప నిలవుండదు. మా ఇంట్లో అందరం అలాగే కొనేవాళ్లం. ఆ జాతరలో పచ్చబొట్ల వాళ్లు గోనెసంచులు పరుచుకుని వరసగా కూర్చున్నారు. చివరన ఉన్నవాడు ఈగలు తోలుకుంటున్నాడు. నడుమ ఉన్నవాడి ముందు ఆడవాళ్లు మూగి ఉన్నారు. అక్క నేరుగా నడుమకే నడిచింది. "గింతమంది ఏయించుకుంటున్నరంటే మంచిగనే ఏస్తుండన్నట్టు గదనే" అంది.

అతని మిషన్ బ్యాటరీకి తగిలించి ఉంది, ఆగకుండా గుర్రుమంటోంది. పక్కన డబ్బా మూతలో నల్లటి సిరా. అందులో సూది ముంచుతాడు, చేతి మీద గీస్తాడు, ఊరిన నెత్తురును గుడ్డతో తుడుస్తాడు, మళ్లీ అదే సిరాలో ముంచుతాడు. ఒక చెయ్యి లేవగానే ఇంకో చెయ్యి వచ్చి కూర్చుంటుంది. సూది అదే, సిరా అదే, గుడ్డ అదే. ఆ గుడ్డ మొదట ఏ రంగుదో చెప్పడం ఎవరి తరమూ కాదు. అక్కకు ముందు కూర్చున్న ముసలామె నెత్తురు తుడిచిన తడి ఆరకముందే దానితో మా అక్క చెయ్యి తుడిచాడు. "అక్కా, లే, పోదాం. రోతగున్నది" అన్నాను. "నీకు దేవుని ప్రసాదం జూసినా రోతనేనాయె. సప్పుడు జేయకుంట కూసో" అంది అక్క. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అక్క కూడా నవ్వుతూనే చెయ్యి చాపింది. చిలుక బాగా వచ్చింది. అది మాత్రం ఒప్పుకోవాలి.

పిల్ల బడికి పోయే వయసులో అక్కకు కళ్లు పచ్చబడ్డాయి. పసిరికలేనని ఆకుమందు తాగించారు, పత్యం పెట్టారు. కరీంనగర్ తీసుకొచ్చేసరికి కాలేయం పూర్తిగా చెడిపోయిందన్నారు. డాక్టరు, ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, ఆపరేషన్ అయిందా అని అడుగుతూ అడుగుతూ, దుప్పటి మీదున్న చేతిని చూసి, ఇదెక్కడ వేయించారని అడిగాడు. ఒకరి నెత్తురు తగిలిన సూది ఇంకొకరికి గుచ్చితే ఆ జబ్బు అంటుకోవచ్చట. ఏళ్ల తరబడి లోపలే చప్పుడు లేకుండా ఉంటుందట. దీనివల్లేనని గట్టిగా చెప్పలేనన్నాడు. నాకు ఆయన చెప్పనక్కర్లేదు, ఆ గుడ్డను నేను చూశాను. మంది ఎక్కువైతే బజ్జీకి మంచిదే, సూదికి కాదు. ఆ సంగతి మా వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. అక్క ఆ వానాకాలంలోనే పోయింది.

ఆ జబ్బు ఎలా అంటిందో పిల్లకు తెలుసు. తెలిసే వచ్చింది. "అమ్మ ఫొటోలనే ఉన్నది చిన్నమ్మా. నాకు చేతి మీద కావాలె" అంది. వద్దంటే తనంతట తానే పోయి ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది. పర్సు తీసుకుని బయల్దేరాను.

మొదటి దుకాణం కర్రీ పాయింట్ మీద, మేడపైన. గోడల నిండా పులులు, పుర్రెలు. అతను గ్లౌజులు తొడుక్కున్నాడు, సంతోషించాను. ఆ గ్లౌజులతోనే ఫోన్ ఎత్తాడు, మెడ గోక్కున్నాడు, చాయ్ తాగాడు, తర్వాత మా పిల్ల చెయ్యి పట్టుకోబోయాడు. మార్చుకోమంటే, "గ్లౌజులు ఏసుకున్నం గదా ఆంటీ, ఇంకేంది?" అన్నాడు. చెవిలో వేలు పెట్టుకున్నది కూడా చూశానని చెప్పి, మెట్లు దిగాను. పిల్ల వెనకాల పగలబడి నవ్వుతూ దిగింది.

రెండోది పెద్దది, ఏసీ ఉంది, సోఫాల నిండా కాలేజీ పిల్లలు. మూలన గాజు గ్లాసులో, బూడిదరంగు నీళ్లలో సూదులు మునిగి ఉన్నాయి. అవేమిటని అడిగితే, వేడినీళ్లతో కడిగి వాడతామని గొప్పగా చెప్పాడు. నేను లేచాను. పిల్ల లేవలేదు. "మస్తు మంది ఉన్నరు చిన్నమ్మా. ఏమో, మంచిగనే ఏస్తుండేమో" అంది. వాళ్లమ్మ ఆ జాతరలో అన్న మాట నేను దీనికి ఏనాడూ చెప్పలేదు. నలుగురూ చూస్తున్నారని కూడా చూడకుండా రెక్క పట్టి బయటికి లాక్కొచ్చాను. రోడ్డు మీద నిలబెట్టి, వాళ్లమ్మ ఏమందో చెప్పాను. పిల్ల మళ్లీ ఆ దుకాణం వైపు చూడలేదు.

మూడోది గల్లీలో, ఒక ఇంటి ముందుగది. వేసేది ఒక తురక ఆడమనిషి, తలమీంచి దుపట్టా. లోపల వేరే ఒక్కరూ లేరు. మొదట ఆమే పిల్లను ప్రశ్నలడిగింది. జ్వరముందా, తిన్నావా, ఏవన్నా మందులు వాడుతున్నావా. కుర్చీకి కొత్త ప్లాస్టిక్ చుట్టింది. సూది ప్యాకెట్ నా చేతికిచ్చి, "మీరే చింపుండ్రి అమ్మా" అంది. సిరా చిన్న మూతలో కొంచెమే పోసింది. నేను చెత్తబుట్టలోకి తొంగిచూశాను, బల్ల కింద వంగి చూశాను, ఆమె గోళ్లు చూశాను. ఎక్కడో ఒకచోట మురికి కనబడాలని, కనబడితే ఇంటికి పోవచ్చని నా ఆశ. "ఇంకేమన్న సూస్తరా? సూడుండ్రి, నాకేం తకలీఫ్ లేదు" అంది ఆమె. చూడడానికి ఏమీ మిగల్లేదు. పిల్ల నా వైపు చూస్తోంది. "ఏయించుకో" అన్నాను.

అయ్యేదాకా కళ్లు తిప్పకుండా చూశాను. మిగిలిన సిరా పారబోసింది, సూది విరిచి డబ్బాలో వేసింది. పిల్ల చెయ్యి చాపి చూపించింది. బొమ్మ చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. ఆ చేతిని నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రోత పుట్టలేదు, భయం మాత్రం పోలేదు. మా అక్క చెయ్యి ఒక్క ముడతైనా పడకుండానే పోయింది. ఈ చేతి మీద చర్మం వదులై, గీతలు చెదిరి, అది చిలుకో కాకో ఎవరూ గుర్తుపట్టలేనట్టు కావాలి. అందుకు పట్టే కాలమంతా పిల్లకు దొరకాలి.