వడపోత కాగితం

పొగను కొలిచే యంత్రాన్ని చూసుకునే పెద్దాయన రోజూ పొద్దున్నే కూడలిలో నిచ్చెనెక్కి, అందులోని వడపోత కాగితం మారుస్తాడు. తీసిన కాగితం పెనం అడుగులా నల్లగా ఉంటుంది. చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, తారీకు వేసి సంచిలో పెడతాడు. ఆపైన గొంతు సవరించుకుని ఉమ్మితే అదీ నలుపే. ఐదేళ్లలో పొగను సగానికి తగ్గిస్తామని నగరం మాటిచ్చింది. నాలుగేళ్లు గడిచినా ఆ నలుపు తగ్గలేదు. ఐదో ఏడు నగరపాలక అధికారి యంత్రాన్ని విప్పించి, ఊరి చివర పూలతోటలో పెట్టించాడు. కాగితం మల్లెపువ్వులా వచ్చింది. వెంటనే సభ పెట్టి, పెద్దాయనను వేదిక ఎక్కించారు.

"ఆ కాగితం పైకెత్తి చూపించు పెద్దాయనా, ఫొటో తీస్తారు" అన్నాడు అధికారి.

పెద్దాయన మైకు దగ్గరికి జరిగాడు. "ఏం చూపించమంటారు సార్? మా మనవరాలు దగ్గి దగ్గి ఇవాళ బడికే పోలేదు. యంత్రం తోటకెళ్లింది గానీ, మేమింకా ఆ కూడలిలోనే ఉన్నాం కదా!" అన్నాడు మైకులోనే.

అధికారి నవ్వుతూ మైకు లాక్కుని, "సంతోషంలో పెద్దాయనకు మాట తడబడుతోంది" అన్నాడు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో దగ్గుతూనే చప్పట్లు కొడుతున్న పక్కింటాయన్ని చూశాక, పెద్దాయన వేదిక దిగిపోయాడు.