వీపు మీద ముగ్గుపిండి

నా చిన్నప్పుడు ఆ కబురు మొదట మోసుకొచ్చింది పక్కింటి అక్క. కంప్యూటర్ కోర్సు కోసం గుంటూరు నుంచి అమీర్‌పేట వచ్చి, పక్కింటి మేడగదిలో అద్దెకుండేది. సాయంత్రాలు వీధి చివరి ఖాళీ స్థలంలో మా ఆడపిల్లలకు ఖోఖో నేర్పేది. “ఏంటే, ఇంకా లెక్కలేనా? నీ స్నేహితురాలికి కొత్త జోడీ దొరికిందిలే. నీకంటే జోరుగా పరిగెడుతోంది!” అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పేవారు కనుక నాకు బడి స్నేహాలు లేవు. ఉన్నది ఆ ఒక్క స్నేహితురాలే. వెళ్లి చూస్తే, ఆమె ఒక కొత్త పిల్ల ఉంగరాల జుట్టుకు ఎర్ర రిబ్బను కడుతోంది. అది నేనిచ్చిన రిబ్బను. ఆ సాయంత్రం దీపం దగ్గర దణ్ణం పెట్టుకుంటున్నా కళ్లముందు ఆ రిబ్బనే.

ఆ కొత్త పిల్ల ఇంటివాళ్లు సిద్దీలు. ఎప్పుడో నిజాం కొలువుకు ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. “నువ్వు ఏ దేశందానివే? ముట్టుకుంటే నలుపు అంటుతుందా?” అంది కోస్తా నుంచి ఈమధ్యే వచ్చి మా జట్టులో చేరిన ఒకమ్మాయి.

“నేను ఈడనే పుట్టిన. మీరే మొన్న బస్సు దిగిండ్రు,” అంది ఆ పిల్ల.

ఖోఖోలో వరుసగా కూర్చున్నవారిలో ఒకరి వీపు వెనక నుంచి తట్టి ‘ఖో’ అంటేనే ఆమె లేచి తరమాలి. నా స్నేహితురాలు తప్ప ఆ పిల్ల వీపు ఎవరూ తట్టేవారు కాదు. పైగా, కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యదని, ఆదివారం పంజాగుట్ట వాళ్లతో పోటీకి ఆ పిల్ల వద్దని జట్టులోవాళ్లు అన్నారు. “దాన్ని తీసేస్తే నేను సుత ఆడను,” అంది నా స్నేహితురాలు. నాకోసం ఎన్నడైనా అలా అన్నదా అని కుళ్లుకున్నాను.

అక్క ఎవరినీ తిట్టలేదు. మర్నాడు ముగ్గుపిండి పళ్లెంలో పోసి, అందరినీ చేతులు అద్దుకుని ఆడమంది. ఆట అయ్యాక మమ్మల్ని వరుసగా నిలబెట్టి ఒకరి వీపు ఒకరికి చూపించింది. మా గౌన్ల మీద తెల్లటి చేతిముద్రలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆ పిల్ల వీపు మీద ఒక్కటే ఉంది. “ఇప్పుడు చెప్పండర్రా, ఈ పిల్ల ఆడలేదా, మీరు ఆడనివ్వలేదా?” అంది అక్క. ఆ పిల్ల జట్టులో ఉండిపోయింది.

ఆదివారం ఆట చివరికొచ్చింది. తరిమేది నేను. మిగిలిన ఒక్క పంజాగుట్ట పిల్ల మధ్య వరుసకు అవతలి వైపుకి తప్పించుకుంది; తరిమేవాళ్లు ఆ వరుస దాటకూడదు. నాకు దగ్గరగా కూర్చున్నది ఆ పిల్లే, జుట్టులో నా రిబ్బనుతో. “దాన్ని ముట్టకే, నలుపు అంటుకుంటది!” అని చూసేవాళ్లలో ఎవరో అరిచారు. మావాళ్లే కొందరు కిసుక్కుమన్నారు. నా లోపలి కుళ్లు అలాగే ఉంది. అయినా నా చెయ్యి ఆ వీపు మీద గట్టిగా పడింది. “ఖో!” ఆమె లేవడమే చూశాను. మరుక్షణం ఆమె చెయ్యి ఆ పంజాగుట్ట పిల్లకు తగిలింది, గెలిచాం.

నా స్నేహితురాలు ముందుగా వాటేసుకున్నది ఆ పిల్లనే. అప్పుడూ నాకు చురుక్కుమంది. ఆ పిల్ల మాత్రం నావైపు తిరిగి, “ఇయ్యాల పిండి లేదుగని, ఉంటే నీ చెయ్యి సుత నా వీపు మీద కనిపిస్తుండె,” అంది.

మనసు బాగుపడేదాకా మంచి పనికి ఆగనక్కర్లేదని ఆ రోజు తెలిసింది. ఇప్పటికీ అదే పట్టుకుని నడుస్తున్నాను. ఆ అక్కను మా వీధికి పంపినందుకు రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. మీకొక్క మనవి. మీ పిల్లలు ఎక్కడైనా వరుసకట్టి ఆడుతుంటే, వీపు తట్టే చెయ్యి కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ఆ పిల్లను ఒకసారి తలచుకోండి.