తాగని విషానికి పడిన కోడ్

ఆ రోజు మధ్యాహ్నం పత్తికి మందు కొడుతుంటే ఎదురుగా ఉన్న సాలు వంకర తిరిగినట్టు కనిపించింది. నేను పత్తి మిల్లులో తూకం కాంటా చూసే మనిషిని. కట్టంగూర్ దగ్గర మాకున్న మెట్ట చెల్కలో మందైనా సరే మూత మీది గీత చూసి కొలిచి పోస్తాను. కొలత తప్పలేదు. వీపున మోసే పంపు మూత దగ్గర వాషర్ చినిగి మందు కారుతోంది, అదే నాకు తెలియలేదు. చొక్కా తడిస్తే చెమట అనుకున్నాను. కాసేపటికి నోటి నిండా ఊట ఊరింది, తొడల కండరాలు చర్మం కింద ఎగిరెగిరి పడ్డాయి. గట్టు చేరకముందే కూలిపోయాను.

పక్క చెల్కలో ఉన్న మా తమ్ముడు మల్లేశ్ పరుగెత్తుకొచ్చాడు. మా వైపు పురుగుల మందు ఏ దారిన ఒంట్లోకి పోయినా చేసేది ఒకటే, కక్కించడం. మల్లేశ్ నా ఛాతీ మీద మోకాలు పెట్టి, దవడలు విడదీసి, సబ్బు నీళ్లు పోశాడు. "కక్కు అన్న, కక్కు" అంటూ గొంతులోకి వేళ్లు దూర్చాడు. నేను ఆ వేళ్లను ఎముక తగిలేదాకా కొరికాను. వాడి రక్తం, నా నురగ, సబ్బు నీళ్లు కలిసి ముక్కులోంచి వచ్చాయి. కొన్ని ఊపిరితిత్తుల్లోకి పోయాయి. బతికించాలనే చేశాడు.

నల్గొండలో ఒక ప్రైవేట్ దవాఖానకు తీసుకుపోయారు. డ్యూటీ డాక్టరమ్మ ముందు పడుకోబెట్టిన మనిషి దగ్గర మందు వాసన వస్తోంది, పెదవులు చిట్లి ఉన్నాయి, కడుపులోది అంతా కక్కి ఉన్నాడు. తాగాడనే అనుకుంది. ఆర్గానోఫాస్ఫేట్ పాయిజనింగ్, అంటే పురుగుల మందు విషం, అని రాసి, పక్కన X68 అని కోడ్ వేశారు. దవాఖానల్లో ప్రతి జబ్బుకూ, అది వచ్చిన తీరుకూ ఒక నంబరు ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. పురుగుల మందు పొరపాటున ఒంట్లోకి పోతే X48. చావాలని తీసుకుంటే X68.

ఐసీయూలో నా గొంతులోకి పైపు దించి వెంటిలేటర్ పెట్టారు. విషానికి విరుగుడు అట్రోపిన్ ఎక్కుతున్న కొద్దీ బుర్ర చెదిరి, గోడల మీంచి కుక్కలు నా మీదికి దూకాయి. పైపు పీకేశాను. ఆపబోయిన నర్సు ముఖం మీద గుద్దాను. నలుగురు మీద పడి చేతులూ కాళ్లూ మంచానికి కట్టేశారు. గుంజుకుని గుంజుకుని మణికట్ల మీద తోలు లేచిపోయింది. నోట్లో మళ్లీ పైపు.

ఈలోగా కేసు కాగితం పోలీసులకు పోయింది. మాట హుజూర్‌నగర్ వైపున్న మా అత్తగారి ఊరికీ పోయింది. నా భార్య సుజాత అన్న యాదగిరి వచ్చాడు. బోరు నీళ్ల వంతు దగ్గర నాకూ మల్లేశ్‌కూ అంతకుముందే గొడవైన సంగతి అతనికి తెలుసు. ఐసీయూ బయట అతను మల్లేశ్‌ను నిలదీసిన సంగతి సుజాత తర్వాత చెప్పింది.

"మా బావ మందు తాగేదాక తెచ్చినవ్ గదరా. ఇగ నీళ్లన్ని నువ్వే పారబెట్టుకో."

"గట్ల కాదు బావ. కొడుతుంటే మీద పడ్డది. నేను చూసిన."

"నువ్వు చూసినవ్. డాక్టర్లు గుడ్డోళ్లా?"

వరండాలో ఉన్న ఇనుప స్టూల్ ఎత్తి మల్లేశ్ ముఖం మీద కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు అందరికీ వినపడిందట. కింద పడ్డవాణ్ణి కడుపులో తన్నుతుంటే సుజాత మధ్యలో దూరింది. ఒక తన్ను ఆమెకూ తగిలింది.

"తన్ను అన్న, నన్ను గూడ తన్ను. నీ బావను భుజాన ఏసుకొని ఉరికొచ్చింది వాడు. నువ్వు ఇప్పుడొచ్చినవ్ స్టూల్ పట్టుకొని."

పైపు తీసే సమయానికి నాకు జ్వరం వచ్చింది. సబ్బు నీళ్లు ఊపిరితిత్తుల్లో చేసిన పని. "ఆస్పిరేషన్ న్యుమోనియా. తాగినా సరే కక్కించకుండా, బట్టలు విప్పి ఒళ్లు కడిగి తెస్తే ఇంత కాకపోవు" అంది డాక్టరమ్మ. పైపు ఇంకొన్నాళ్లు ఉంచారు.

చివరికి తీశాక నాకు మాట రావడం లేదు. ఎస్సై వచ్చాడు. నేను తాగడానికి మల్లేశే కారణమని కేసు కడితే వాడు జైలుకే.

"మీ తమ్మునితోని లొల్లి అయ్యిందా?"

అయింది. తల ఊపాను. ఎస్సై రాసుకుని లేవబోయాడు.

"కూసోండ్రి సార్" అంది సుజాత. "లొల్లి ఎవరింట్ల కాదు? మందు తాగినవా అని అడుగుండ్రి."

మంచం కదిలేలా తల అడ్డంగా ఊపాను. కట్లు విప్పిన చేత్తో వీపు వైపు చూపించాను. డాక్టరమ్మ నన్ను పక్కకు తిప్పించింది. భుజాల నుంచి నడుం దాకా పంపు ఆనిన మేరకు చర్మం ఉడికి ఊడిపోయి ఉంది. నర్సులు దాన్ని మంచాన పడుకుని పడ్డ పుండు, బెడ్ సోర్, అనుకుని పౌడర్ చల్లుతున్నారు.

డాక్టరమ్మ వంగి చూసింది. "వాంతి చూసి నోట్లోంచే పోయిందనుకున్న. వీపు తిప్పి చూడలేదు" అని ఎస్సై ముందే చెప్పింది. కేస్ షీట్‌లో హిస్టరీ కొట్టేసి కొత్తగా రాసి సంతకం పెట్టింది. కోడ్ X48 అయింది. మల్లేశ్ మీద కేసు ముందుకు పోలేదు.

ఇప్పుడు నేను మళ్లీ కాంటా దగ్గరే ఉన్నాను. పాదాలకు స్పర్శ పూర్తిగా రాలేదు. చెప్పు జారినా తెలియదు. మల్లేశ్ దవడకు ప్లేట్ వేశారు, నోరు సగమే తెరుచుకుంటుంది. జొన్న రొట్టె పాలల్లో నానేసుకుని తింటాడు. యాదగిరి వస్తున్నాడంటే వాడు మా ఇంటికి రాడు. యాదగిరి మాత్రం, "మొదలు గట్లనే రాసిండ్రు గద" అంటాడు ఇప్పటికీ.

అందుకే చెబుతున్నాను. మీ మనిషిని లోపలికి తీసుకోగానే, విషం ఏ దారిన పోయిందని రాశారో చదివి వినిపించమని అడగండి. మీరు చూసింది, వాళ్లు రాసింది ఒకటి కాకపోతే అక్కడే నిలబడి దిద్దించండి. మా కాగితం దిద్దేసరికి మల్లేశ్ దవడ విరిగిపోయింది.