మా ఇంటికి రమ్మన్న కండక్టరుగారు

కండక్టరుగారు జైలు సేవలోకి వెళ్ళింది దేవుడి పిలుపు విని కాదు, ఉక్కపోత భరించలేక. ఆ ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, "ప్రతి శనివారం జైలుకి వెళ్ళి ఖైదీలతో ప్రార్థన చెయ్యడానికి మనలోంచి ఒకరు కావాలి. ఎవరొస్తారు?" అని అడుగుతున్నారు. సరిగ్గా అప్పుడే మూడో వరుసలో ఉన్న ఈయన ఫ్యాను వేగం పెంచమని చెప్పడానికి చెయ్యెత్తారు. పాస్టరుగారి మొహం వెలిగిపోయింది. సంఘమంతా తిరిగి చూసి చప్పట్లు కొట్టింది. అన్ని చప్పట్ల మధ్య ఎత్తిన చెయ్యి ఎలా దించాలో ముప్ఫైమూడేళ్ళ బస్సు ఉద్యోగంలో ఆయనకెవరూ నేర్పలేదు.

"ఫ్యాను కోసమని చెప్పలేకపోయారా?" అంది భార్య ఇంటికొచ్చే దారిలో.

"అందరూ చప్పట్లు కొట్టేశారే!"

"కొడితే? బస్సులో చప్పట్లు కొట్టినవాళ్ళని టిక్కెట్టు లేకుండా ఎక్కించుకున్నారా ఎప్పుడైనా?"

ఆయనకి ప్రసంగం రాదు. పాట అంతకన్నా రాదు. ఉన్నదల్లా గొంతు. మొదటి శనివారం జైలు హాల్లోకి నలభైమంది ఖైదీలు వచ్చి గుమ్మం దగ్గరే గుంపుగా ఆగిపోయారు. ఆ గుంపును చూడగానే కండక్టరుగారికి ఒళ్ళు తెలియలేదు. "లోపలికి జరగండి! గుమ్మంలో నిలబడొద్దు! లోపల బోలెడు ఖాళీ ఉంది!" అని ఒక్క అరుపు అరిచారు.

ఖైదీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకా ఎంత లోపలికి సార్?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

హాలంతా గొల్లుమంది. వార్డరు మొహం గోడవైపు తిప్పుకుని నవ్వాడు. కండక్టరుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. ప్రసంగం చెయ్యకుండానే ఆ రోజు సేవ అయిపోయింది.

తర్వాత నాలుగేళ్ళలో ఆయన ఒక్క శనివారం కూడా మానలేదు. వాక్యం చదివి, దాన్ని వివరించడానికి ఒక బస్సు కథ ఎత్తుకునేవారు. ఆ కథ దారి తప్పి ఎక్కడెక్కడో తిరిగేది గాని, మళ్ళీ వాక్యం దగ్గరికి వచ్చిన రోజులు తక్కువ. అయినా ఖైదీలు ఆయన కోసం ఎదురుచూసేవారు. ఎవరి అమ్మకి కళ్ళ ఆపరేషన్ అయిందో, ఎవరి కొడుకు పరీక్ష తప్పాడో అన్నీ గుర్తుపెట్టుకుని అడిగేవారాయన. వెళ్ళేముందు ఒక్కొక్కరి భుజం తట్టి, "బయటికొచ్చాక మా ఇంటికి రండి" అనేవారు.

ఈ మాట లోకంలో అందరూ అంటారు. అన్నవాళ్ళెవరూ అడ్రసు చెప్పరు. ఈయన కండక్టరు కదా, బస్సు నంబరూ స్టాపూ కూడా చెప్పేవారు.

అందువల్ల ఒక మంగళవారం పొద్దున్న పదింటికి ఒకడు నిజంగానే వచ్చాడు.

తలుపు తీసిన కండక్టరుగారి భార్యకి చంకలో గుడ్డసంచితో ఒక యాభైయేళ్ళ మనిషి కనిపించాడు.

"ఎవరు బాబూ?"

"సారు రమ్మన్నారమ్మా. పదిహేడో నంబరు బస్సు, నీళ్ళ ట్యాంకు స్టాపు, ఆకుపచ్చ గేటు అన్నారు."

ఆవిడ వెనక్కి తిరిగింది. కండక్టరుగారు పేపరు చాటున ఉన్నారు.

"రమ్మన్నారుగా, వచ్చాడు. ఇక ఆ పేపరు దించండి."

వచ్చినవాడు వడ్రంగి. గుమ్మం దాటకముందే తన సంగతంతా చెప్పేశాడు. పన్నెండేళ్ళ కిందట పనిచేసే చోట తోటి వడ్రంగితో మాటామాటా పెరిగింది. చేతిలో ఉన్న కొయ్యసుత్తితో ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు. పడ్డవాడు మళ్ళీ లేవలేదు. తను లోపలుండగానే భార్య పోయింది. పదేళ్ళ కూతుర్ని పిన్ని పెంచి పెళ్ళి చేసింది. రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. "ఎవర్ని ఇంట్లోకి రానిస్తున్నారో మీకు తెలియాలి కదమ్మా" అన్నాడు.

ఆవిడ అతన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. తర్వాత, "చేతులు కడుక్కో, భోజనం చేద్దువుగాని" అంది. అంది గాని, వంటింట్లోకి వెళ్ళి కూరగాయల కత్తి తీసి బియ్యం డబ్బాలో దాచింది. మర్నాడు ఎక్కడ దాచిందో మర్చిపోయి ఇల్లంతా వెతికింది. చివరికి వడ్రంగే దొరకబుచ్చుకుని, పిడి వదులైందని బిగించి మరీ తెచ్చిచ్చాడు. దాంతో ఆవిడ కత్తులు దాచడం మానేసింది.

అతని అలవాట్లతో ఇంట్లో వింతగా ఉండేది. ఏ తలుపు ముందైనా నిలబడిపోయేవాడు, తనే తీసుకోవచ్చన్న సంగతి తోచక. మంచినీళ్ళకి అనుమతి అడిగేవాడు. తెల్లారేసరికి దుప్పటి మడిచి మంచం పక్కన నిటారుగా నిలబడేవాడు, లెక్క పెట్టేవాళ్ళ కోసం. నాలుగు రోజులు చూసి అయిదో రోజు ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి, అతని వైపు వేలు చూపించి, "ఒకటి. లెక్క సరిపోయింది. ఇక కూర్చుని కాఫీ తాగు" అంది. వడ్రంగి నవ్వడం వాళ్ళు చూసింది అదే మొదటిసారి.

ఇక పని దొరకాలి. కండక్టరుగారికి సంఘం మీద గట్టి నమ్మకం. జైలు సేవ కోసం ప్రార్థన చేస్తే అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేది ఫర్నిచరు షాపున్న సంఘపెద్ద. వెళ్ళి అడిగితే ఆయన ఎంతో ప్రేమగా, "తప్పకుండా ప్రార్థన చేద్దామండీ" అన్నారు.

"ప్రార్థన నేను చేసేశానండీ. ఇక మీరు ఉద్యోగం ఇవ్వడమే మిగిలింది."

సంఘపెద్దగారికి వెంటనే వేరే పని గుర్తొచ్చింది. మరో నలుగురికి కూడా అలాగే గుర్తొచ్చింది. అన్ని పనులు పెట్టుకుని వీళ్ళంతా ప్రతి ఆదివారం రెండు గంటలు ఎలా కూర్చోగలుగుతున్నారో కండక్టరుగారికి అర్థం కాలేదు. ఆ మాటే, ఆరాధనలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి అందరిముందూ అడిగేశారు. చాలామంది తలలు వంచుకున్నారు. అది ప్రార్థన కోసం కాదు.

చివరికి పని ఇచ్చింది శవపెట్టెల దుకాణం నడిపే ఆవిడ. చర్చి గడప తొక్కి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. వడ్రంగి చిత్రిక పట్టిన చెక్క మీద అరచెయ్యి ఆనించి చూసి, "హత్య కేసా?" అంది.

"అవునమ్మా."

"కొలతలు సరిగ్గా తీస్తావా?"

"తీస్తానమ్మా."

"రేపొచ్చెయ్. నా దగ్గర గిరాకీలెవరూ మనుషుల్ని చూసి భయపడరు."

అంతవరకు బాగానే ఉంది. ఇంక ఊరుకుంటే ఆయన కండక్టరుగారు ఎందుకవుతారు? వడ్రంగి ఉత్తరాలు రాసే పిన్ని ఇంట్లో కూతురి అడ్రసు కనుక్కుని, ఎవరితోనూ చెప్పకుండా ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళారు. తలుపు తీయగానే, రెండు బస్సులకి వినిపించే తన మామూలు గొంతుతో, "మీ నాన్న జైలు నుంచి వచ్చేశాడమ్మా! శవపెట్టెల దుకాణంలో పనిచేస్తున్నాడు!" అన్నారు.

ఆ అమ్మాయి గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. వెనక గదిలోంచి ఆమె అత్తగారు బయటికొచ్చింది. ఆ అమ్మాయి అత్తవారింట్లో చెప్పిన లెక్క ప్రకారం ఈ నాన్న చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. తలుపు మూసుకుంది.

ఆ రోజు ఆయన ఇంటికి నడిచే వచ్చారు. సంగతి విని భార్య రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ తిడితే ఆయన తట్టుకోగలరు గాని, ఇది తట్టుకోలేకపోయారు. మూడో రోజు దుకాణానికి వెళ్ళి వడ్రంగి ముందు నిలబడ్డారు. జీవితంలో మొదటిసారి పక్కవాళ్ళకి వినపడనంత చిన్నగా మాట్లాడారు. ఎలాగో చెప్పారు. వడ్రంగి చిత్రిక ఆపలేదు. చెక్క ఆ చివరిదాకా వెళ్ళాక, "మీరు వెళ్ళకుండా ఉండాల్సింది సార్" అన్నాడు. అంతే. సాయంత్రం ఎప్పటిలాగే ఇంటికొచ్చాడు. కానీ సరిగ్గా తినలేదు. కండక్టరుగారూ తినలేదు.

నెలన్నర గడిచాక దుకాణం ఆవిడ ఫోన్ చేసింది. "ఒకమ్మాయి వచ్చి నిలబడింది. ఇతనేమో చేతిలో మేకులు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. ఇద్దరూ ఎంతసేపు నిలబడతారో తెలీట్లేదు. మీరొస్తారా?"

ఆయనతోపాటు భార్య కూడా బయల్దేరింది. "అక్కడ నోరు తెరిచారంటే చూడండి" అని దారంతా చెప్పింది.

వీళ్ళు వెళ్ళేసరికి ఆ అమ్మాయి కోపంగా మాట్లాడుతోంది. "మా అత్తయ్య నాతో నెలరోజులు మాట్లాడలేదు. మీరు జైల్లో ఉన్నందుకు కాదు. బతికున్న నాన్నని నేను చంపేసినందుకు. నిన్న పొద్దున్న, వెళ్ళి చూసిరాకపోతే ఈ ఇంట్లో అన్నం పెట్టనంది. అందుకని వచ్చాను. నా అంతట నేను రాలేదు."

"సరేనమ్మా" అన్నాడు వడ్రంగి.

"మీ మీద నాకు కోపం పోలేదు."

"సరేనమ్మా." ఇంకేం అనాలో తెలియక, "మీ అత్తగారు బాగున్నారా?" అన్నాడు.

బాగాలేదంది. మోకాళ్ళ నొప్పులట. కుర్చీ ఎత్తయిపోయిందట, నేల మీద కూర్చుంటే లేవలేదట. పన్నెండేళ్ళ తర్వాత కలిసిన తండ్రీకూతుళ్ళు అరగంటసేపు అత్తగారి మోకాళ్ళ గురించే మాట్లాడుకున్నారు. కండక్టరుగారు శవపెట్టె మూత మీద కూర్చుని ఆ అరగంటా నోరు తెరవలేదు. వంక పెట్టడంలో అందెవేసిన చెయ్యి అయిన ఆయన భార్య కూడా ఒప్పుకున్న విషయమిది.

ఆ వారమే వడ్రంగి ఒక పొట్టి పీట చేశాడు. శవపెట్టెల చెక్కతో కాకుండా చూడమని అమ్మాయి గట్టిగా కబురు పెట్టింది. ఆదివారం దాన్ని తనే తీసుకెళ్తానన్నాడు. కండక్టరుగారు చొక్కా మార్చుకుని తయారయ్యారు. భార్య ఆ చొక్కా విప్పించి కూర్చోబెట్టింది. వడ్రంగి పీట భుజాన పెట్టుకుని ఒక్కడే బస్సెక్కాడు.

మూడింటికి వెళ్ళినవాడు అయిదున్నరకి తిరిగొచ్చాడు. కండక్టరుగారు గేటు దగ్గరికే ఎదురెళ్ళారు.

"ఏమన్నారయ్యా ఆ పెద్దావిడ?"

"పీట ఒక కాలు పొట్టిగా ఉందన్నారు సార్. వచ్చే ఆదివారం వచ్చి సరిచెయ్యమన్నారు."

కండక్టరుగారు నొచ్చుకున్నారు. "అదేంటి, నువ్వు పొరపాటు చెయ్యవే! నిజంగా పొట్టిగా ఉందా?"

"లేదు సార్" అన్నాడు వడ్రంగి.