మా వియ్యపురాలి హాల్‌టికెట్టు

పోయిన వారం పొద్దున్నే మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, అత్తమ్మ పోయింది" అంది. ముందురోజు సాయంత్రం కూడా పుస్తకం చదువుకుంటూనే ఉందట. నిద్రలోనే పోయింది. ఎవరినీ లేపలేదు, గుక్కెడు నీళ్లు అడగలేదు. మగపెళ్లివారి మనిషై ఉండి ఇంత తక్కువ మర్యాదలు చేయించుకున్న వియ్యపురాలిని నేను ఇంకెక్కడా చూడలేదు.

శింగనమల దగ్గర ఊరు ఆమెది. గొర్రెల మందున్న ఇల్లు. ఇంటరు కాగానే పెళ్లి చేసేశారు. బిడ్డల పెళ్లిళ్లన్నీ అయ్యాక, తోటివాళ్లు తీర్థయాత్రలకు బయలుదేరే వయసులో, ఆమె దూరవిద్యలో బి.ఏ.కు కట్టింది. చెనిక్కాయలు, అదే వేరుశనగ కాయలు, ఒలుస్తూ చదివేది. ఆపిన చోట గుర్తుగా ఒక పొట్టు పెట్టేది. ఆమె చరిత్ర పుస్తకం దులిపితే మొగలాయిల మధ్య నుంచి గుప్పెడు పొట్టు రాలేది. "పుస్తకం అర్థం కాకుంటే మళ్లా మొదట్నించి చదవచ్చు వదినా. సంసారానికి ఆ వసతి ల్యా" అనేది.

ఆమెను తలుచుకుంటే ఏడుపు కంటే ముందు నాకు ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది. చివరి ఏడాది పరీక్షలు. తెల్లారితే మొదటి పేపరు. హాల్‌టికెట్టు ఈమెయిల్‌కు వచ్చింది. ఆ ఈమెయిల్ పాస్‌వర్డేమో ఈమె మరిచిపోయింది. దొంగలకు దొరక్కూడదని అంత కష్టమైనది పెట్టిందట. చివరికి తనే దొంగలాగా బయట నిలబడింది.

అనంతపురంలో మా ఇంటికొచ్చి, "వదినా, టికెట్టు ల్యాకుంటే రేపు లోపలికి ఇడిసిపెట్టరు. ఇంకో ఏడాదికి నేనుంటానో ల్యాదో ఎవురు సూసినారు" అంది. ఇద్దరం నెట్ సెంటరుకు పరుగెత్తాం. పరుగంటే, మోకాళ్లు ఒప్పుకున్నంత.

మనవరాలి పేరు కొట్టింది. కంప్యూటరు కాదంది. ఊరి దేవర పేరు కొట్టింది. కాదంది. ఇష్టమైన గొర్రె పేరు కూడా అయింది. నెట్ సెంటరు పిల్ల తల పట్టుకుని, "అవ్వా, ఇంక కొట్టొద్దు. తాళం పడిపోతాది. మెయిల్‌కు నువ్విచ్చిన ఫోను నంబరుకు కోడ్ పంపుతా" అంది.

ఆ నంబరు ఆమె భర్తది. ఆయన అప్పుడు చెరువు కింద గొర్రెలు మేపుతున్నాడు. ఆమె ఫోన్ చేసింది.

"ఇదిగో, నీ ఫోనుకు ఒక నంబరు వచ్చింటాది. చదువు."

"ఎవురు పంపినారు?"

"నేనే పంపిచ్చినా!"

"నువ్వే పంపిచ్చింటే నీకు తెలీదా?"

నెట్ సెంటరంతా నవ్వింది. మెసేజి చూడ్డానికి ఆయన ఫోన్ పెట్టేశాడు. ఈలోగా గడువైపోయి, ఆ పిల్ల ఇంకో కోడ్ పంపింది. ఆయన మళ్లీ ఫోన్ చేసి పాతదే చదివాడు.

"తప్పంటాండాది."

"నేను బాగనే చదివితి. మిషనుకే చెవుడు."

"కొత్తది ఇంకోటి వచ్చింది సూడప్పా, కింద!"

సంతలో పొట్టేలు ధర చెప్పినట్టు ఒక్కో అంకే అరిచి చెప్పాడు. వెనక గొర్రెలు వంత పాడాయి. జిరాక్సుకు వచ్చినవాళ్లు కూడా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తెరుచుకుంది! నేనైతే, ఈ వయసులో చెప్పుకోకూడదు గానీ, ఈల వేసినంత పని చేశాను.

"కొత్త పాస్‌వర్డ్ మరిసిపోకుండా తాత పేరు పెట్టుకో అవ్వా" అంది ఆ పిల్ల.

"ఆయన పేరు నా నోట్లోంచి రాదు పాపా."

"నోరెందుకు? వేలుంది కదా!"

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని కొట్టింది. ఏం కొట్టిందో నేనడగలేదు. చెంపలు చూస్తే తెలిసిపోయింది. ప్రింటరు నుంచి వేడివేడిగా టికెట్టు వచ్చింది. ఫోటో చూసి, "ఈ ముసిల్ది ఎవురు వదినా, మనవరాలి పరీచ్చ రాసేకి వచ్చిందా?" అంది.

మర్నాడు మనవరాళ్ల ఈడు అమ్మాయిల మధ్య, అందరికంటే ముందు లోపలికి వెళ్లింది. నేను గేటు దగ్గరికి చేరేసరికి, మొదటి బస్సుకు వచ్చిన ఆయన ఎండలో నిలబడి ఉన్నాడు. అరచేతిలో ఫోను. కళ్లు దానిమీదే.

"నీడకు రాన్నా" అన్నాను.

"లోపల మళ్లా నంబరు అడిగితేనోమ్మా?"

చెప్పి చూశాను. కదల్లేదు. మూడు గంటలూ అట్లాగే ఉన్నాడు. గంట కొట్టాక అమ్మాయిలంతా బిలబిలా బయటికొచ్చారు. వాళ్ల వెనక ఆమె వచ్చింది. అంతమంది చూస్తుండగా ఆయన చేతిలోని ఫోను తీసుకుని, ఆయన చొక్కా జేబులో పెట్టి, గుండీ వేసింది.