ఎగువన పడిన వాన

సుందరాబాయి ఒకచోట కుదురుగా కూర్చోలేదన్న సంగతి ఆ మరాఠీ పట్నంలో, కుంఠా నాకా వెనక ఇళ్ళ వరుసలో అందరికీ తెలుసు. బీడీలు చుడుతూ చుడుతూ చాట పక్కన పెట్టి లేస్తుంది. పెరటి తలుపు తీసి ఓఢా వైపు ఒకసారి చూసి వస్తుంది. ఓఢా అంటే ఆ ఇళ్ళ వెనక పారే వాగు. మరాఠీ మాటే అక్కడి తెలుగువాళ్ళ నోట్లో స్థిరపడిపోయింది.

మామ ఎల్లయ్య సిరిసిల్ల వైపు నుంచి వచ్చి అక్కడ ఇల్లు వేసుకున్నది ఆ వాగు కోసమే. అప్పట్లో చేతిమగ్గాల వాళ్ళు రంగువేసిన నూలును అందులో జాడించి, గట్టు మీద బొంగులు కట్టి ఆరేసేవారు. సుందరాబాయి కోడలిగా వచ్చిన కొత్తలో నీళ్ళలో దిగితే పాదాలు కనబడేవి. తర్వాత పవర్‌లూములు పెరిగాయి, రంగు కార్ఖానాలు వచ్చాయి, వాగు ఒకనాడు ఎర్రగా, మరునాడు నీలంగా పారడం మొదలైంది. ఇళ్ళు గట్టు దాటి ముందుకు జరిగాయి. సుందరాబాయి వంటగది కూడా ఒకప్పటి గట్టు మీదే ఉంది. ఇంకాస్త పైన వాగు మీద సిమెంటు స్లాబు పరిచి బండ్లు నిలుపుకుంటున్నారు. ఈమధ్య వచ్చిన వాళ్ళు దాన్ని గటార్, మురికికాలువ అంటారు తప్ప వాగనుకోరు.

భర్త అంబాదాస్ పవర్‌లూమ్ కార్ఖానాలో టవెళ్ళు నేస్తాడు. మగ్గాల చప్పుడుకి చెవులు సగం పోయాయి. ఒక్కతే కూతురు ఋతుజ. టవెళ్ళ అంచులు కుట్టే పనికి పోతుండగా, నూలు మోసే టెంపో నడిపే తుషార్‌తో పరిచయమై, అతన్నే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. అతను మరాఠీ రైతు కొడుకు. వాళ్ళది వాగుకి ఎగువన ఉన్న పల్లె. మన కులం కాదని వరుసలో నలుగురూ నాలుగు మాటలన్నారు కానీ, సుందరాబాయిని అవి అంతగా తాకలేదు. కూతురి పెళ్ళి కబురు తను పక్కింటి గంగమ్మ నోట వినవలసి వచ్చింది. అది మాత్రం మింగుడుపడలేదు. మూడేళ్ళు కూతురితో మాట్లాడలేదు. అంబాదాస్ అప్పుడప్పుడు చెప్పాపెట్టకుండా పోయి బిడ్డను చూసి వచ్చేవాడు. వచ్చినప్పుడు అతని చెప్పులకు ఎర్రమట్టి ఉండేది. ఆమె ఏమీ అడగకుండా ఆ చెప్పులు కడిగి ఎండలో పెట్టేది.

మొన్నటి వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం గంగమ్మ ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చింది. ఋతుజ తండ్రికి చేస్తే కార్ఖానా చప్పుడులో అతనికి వినబడలేదు. తల్లి ఎత్తదని తెలుసు. అందుకని గంగమ్మకు చేసింది.

"సుందరా, ఆడ ఢగ్‌ఫుటీ అయిందంట, మబ్బు పలిగినట్టు పడ్డదంట. ఊరి ఓఢా పూల్ మీదికెళ్ళి నీళ్ళు పోతున్నయంట. సామాన్ పైన పెట్టుకొని బయటపడుండ్రి అన్నది."

"ఈడ ఎండ కొడ్తున్నది. దానికి నా కాళజీ, నా ఫికర్ ఎప్పటిసంది పుట్టింది?" అంది సుందరాబాయి.

గంగమ్మ వెళ్ళాక చాట పక్కన పెట్టింది. లేచి పెరటి తలుపు తీసింది. నిన్న నీలంగా ఉన్న నీళ్ళు ఇప్పుడు ఇటుకపొడి కలిపినట్టున్నాయి. మీద జొన్నదంట్లు కొట్టుకొస్తున్నాయి. పట్నంలో చుక్క వాన లేదు. అయినా చూస్తుండగానే నీళ్ళు మెట్టెక్కాయి.

ఆమె ఇక ఆలోచించలేదు. తంబాకు సంచీ, ఆకుల మూట అటక మీద పడేసి, వరుస పొడుగునా తలుపులు కొట్టుకుంటూ పోయింది. కార్ఖానాకు పోయి అంబాదాస్ భుజం పట్టుకుని మగ్గం ఆపించింది. గంగమ్మ ఇంట్లో మంచం పట్టి ఉన్న అత్తను ఇద్దరు మగవాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి కార్ఖానా మేడ మీదికి చేర్చారు. పొద్దుగూకే వేళకు ఇళ్ళలో నడుము లోతు నీళ్ళు. పిండి డబ్బాలు, పరుపులు, పిల్లల బడి సంచులు అన్నీ తేలాయి. అటక కూడా కూలి, ఆకులూ తంబాకూ బురదలో కలిసిపోయాయి. మనుషులందరూ మాత్రం మేడ మీద ఉన్నారు.

నీళ్ళు తీశాక అందరూ బురద ఎత్తుకుంటుంటే సుందరాబాయి గంగమ్మ ఫోన్ నుంచి కూతురికి చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. ఆ దారిలో వంతెన తెగి బస్సులు ఆగిపోయాయని ఎవరో అన్నారు. ఆ రోజంతా చీపురు పట్టుకోవడం, వదిలేయడం, వీధి చివరికి పోయి రావడం. మర్నాడు తెల్లవారగానే చీర ఎగదోపుకుని, తను ఓఢా వెంట పోతున్నానని అంబాదాస్ చెవిలో గట్టిగా చెప్పింది. తనూ వస్తానన్నాడు. నీ మోకాళ్ళతో కాదులే, ఇల్లు కడుగు అని కదిలింది.

స్లాబు దాటింది, రంగు కార్ఖానాలు దాటింది. వాటి మోరీ కలిసే చోటుకు పైన నీళ్ళలో కార్ఖానా రంగు లేదు, ఒట్టి మట్టిరంగే. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అంతకు మించి పైకి పోయింది లేదు. హోట్‌గి రోడ్ వైపు నుంచి ఒక పాయ రావాలి. అక్కడ ప్లాట్లు వేసి దానికి అడ్డంగా ప్రహరీ కట్టారు. వరద ఆ గోడను పడగొట్టి తన దారిన తాను వచ్చింది. అది దాటితే రేగడి చేలు, పడిపోయిన కందులు, కంచెలో చిక్కి ఉబ్బిన దూడ. దాన్ని చూశాక ఆమె నడక ఇంకా పెరిగింది. చెప్పు తెగితే రెండోదీ అక్కడే వదిలేసింది.

ఒకచోట వాగు రెండుగా చీలి కనబడింది. గొర్రెలు కాసే ముసలివాణ్ణి అడిగింది. కుడివైపుది రేగళ్ళ మీదుగా వచ్చే నల్ల ఓఢా, ఎడమది మొరపనేలల నుంచి దిగే తాంబడి ఓఢా, అంటే ఎర్రవాగు అని చెప్పాడతను. కలిసిన తర్వాత కూడా కొంతదూరం రెండు రంగులూ పక్కపక్కనే పారుతున్నాయి. అంబాదాస్ చెప్పుల మట్టి గుర్తొచ్చి ఆమె ఎడమవైపు తిరిగింది.

ఊరి మొదట్లోనే ఋతుజ ఇల్లు. వెనకగోడ పడిపోయింది. ఋతుజ ముంగిట్లో ఒంగి గంపతో బురద ఎత్తుతోంది. తల్లిని చూసి నడుము నిలబెట్టింది.

"నడిచొచ్చినవా అమ్మా?"

"బస్సులు బంద్ ఉన్నయి గదా."

ఫోన్ నీళ్ళలో పడిందని ఋతుజ చెప్పింది. సుందరాబాయి ఆమె చేతిలోంచి గంప తీసుకుంది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ బురద మోశారు. తుషార్ తల్లి జొన్నరొట్టె పెట్టి, ఇంత దూరం ఒక్కదానివే ఎట్లా వచ్చావని మరాఠీలో అడిగింది. సుందరాబాయి ఆమెకు బదులు చెప్పి తిన్నది గానీ కూతురి ముఖం వైపు చూడలేదు. వాగు దగ్గర చేతులు కడుక్కునేటప్పుడు అడిగింది.

"పెండ్లి సంగతి నాకెందుకు చెప్పలేదే?"

ఋతుజ గంపకు అంటిన మట్టి రుద్దింది.

"నీకు చెప్తే వద్దంటవని ఎర్కే. నువ్వు వద్దంటె నేను ఆగిపోతుంటి. నాకు ఆగాలని లేకుండె."

సుందరాబాయికి కోపమే వచ్చింది. కానీ తన మాటకు అంత బలం ఉందని అప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పులు లేని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. అక్కణ్ణుంచి లేద్దామన్న తొందర అప్పుడు ఆమెకు లేదు. ఋతుజ వచ్చి పక్కన కూర్చుంది.

దారి తెరిచేదాకా సుందరాబాయి అక్కడే ఉంది. తుషార్ టెంపోలో దింపాడు. దిగేటప్పుడు, ఈసారి వాళ్ళ ఇంటి వెనకగోడ పునాది రాయితో ఎత్తుగా వేయించమని అతనికి చెప్పింది. అతను తలూపాడు. ఆ తర్వాత అలాగే వేయించాడు కూడా.

ఇప్పుడామె నెలకోసారి ఎర్రబస్సెక్కి కూతురి దగ్గరికి పోతుంది. రెండు రాత్రుల కంటే అక్కడ నిలవదు. ఇంటి దగ్గర ఎలా ఉందోనని వచ్చేస్తుంది. వచ్చాక ఋతుజకు ఫోన్ చేసి అక్కడ మబ్బు పట్టిందా అని అడుగుతుంది. ఇప్పుడు తల్లీకూతుళ్ళు ఫోన్‌లోనే పోట్లాడుకుంటారు కూడా.

వాగును వెడల్పు చేస్తామని ఈమధ్య సర్కారు మనుషులు వచ్చి ఇళ్ళు ఎంతవరకు కూలగొట్టాలో వరుసలో గోడల మీద గీతలు గీసిపోయారు. ఊరి బయట కాలనీలో గదులిస్తారట. అంబాదాస్ పోదామంటాడు. సుందరాబాయి ఒకరోజు సరేనంటుంది. అంత దూరం నుంచి కార్ఖానాకు ఎట్లా పోతావని మర్నాడు కసురుకుంటుంది. పోయిన వారం ఎవరికీ చెప్పకుండా వంటసామాను గోనెసంచుల్లో కట్టింది. సాయంత్రం అంబాదాస్ వచ్చి చూసి, పోదామా అని అడిగాడు. ఆమె మూటలు విప్పి గిన్నెలు మళ్ళీ గూట్లో సర్దింది. ఒక మూట మాత్రం ఇంకా విప్పలేదు.