పోశమ్మ వాటా తూటా

ఏ పని మొదలుపెట్టినా చేతికి వచ్చిన మొదటిది పోశయ్యది కాదు, ఊరి దేవత పోశమ్మది. ఊళ్ళో కల్లు ముంత ఎత్తితే ముందు నాలుగు చుక్కలు నేల మీద సాక పోసి గాని తాగేవాడు కాదు. వాళ్ళమ్మ బీడీలు చుట్టేటప్పుడు మొదటి బీడీ గోడ గూట్లో పెట్టేది. ఆ అలవాటు పాలతో పాటు వంటబట్టింది. జగిత్యాల పక్క పల్లె నుంచి గల్ఫ్‌లోని ఫుజైరా రాళ్ళ క్వారీకి వచ్చాక కూడా పొద్దున్నే చేతికి తగిలిన మొదటి రాయిని తీసి పక్కన పెట్టేవాడు.

"ఏందే పోశన్నా, అమ్మ రాళ్ళు గూడ నములుతదా?" అని క్యాంపులో పిల్లగాండ్లు ఎగతాళి చేసేవాళ్ళు.

"నమిలితె నములుతది, లేకుంటె లేదు. ఆమెది ఆమెకు వెట్టాలె గదరా."

క్వారీలో ఆయన దుమ్ము తిన్నాడు, దగ్గు తెచ్చుకున్నాడు, ఒక సంగతి మాత్రం బాగా నేర్చుకున్నాడు. కొండలో రంధ్రాలు తొలిచి, మందు కూరి పేల్చేటప్పుడు పేలిన రంధ్రానికి ఎవరూ భయపడరు. పేలకుండా ఊరుకున్న దానికే భయపడతారు. అదెక్కడుందో తేలేదాకా యంత్రాలు ఆగాలి, మనుషులు దూరంగా కూర్చోవాలి. పని చూసే మేనేజరు ముదీర్ అయినా సరే, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ అయినా సరే.

దగ్గు ముదిరి ఇక క్వారీ వల్ల కాదనుకుంటున్న రోజుల్లో సనావుల్లా పరిచయమయ్యాడు. కడపవాడు. మన పటాలంలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరయి, ఆ కొండల మధ్యే ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో ఉస్తాద్‌గా చేరాడు. శుక్రవారాలు టీ కొట్టు దగ్గర తెలుగు వినిపిస్తే చాలు, పక్కన చేరి కూర్చునేవాడు. కూర్చుంటాడు గాని సగం వినపడదు. ఏళ్ళ తరబడి తుపాకుల మోత చెవులు తినేసింది.

"క్వారీల్లో మందు సూసినోడివి, భయం ఉంటాది నీకు. భయం ఉన్నోడే నాకు కావాల. రా అబ్బీ," అని పోశయ్యను క్లబ్బుకు లాక్కెళ్ళాడు.

మొదట ఊడ్చే పని. తర్వాత వాడేసిన ఇత్తడి గొట్టాలు ఏరి, కడిగి, ఆరబెట్టే పని. ఆ తర్వాత తూటాలు నింపే లోడింగ్ రూములో ప్రెస్సు దగ్గర కూర్చునే పని. క్లబ్బుకు దీనికి ప్రత్యేకంగా అనుమతి ఉంది, పోలీసులు వచ్చి చూసి పోతుండేవారు కూడా. పాత గొట్టానికి అడుగున కొత్త ప్రైమర్, అంటే నిప్పు పుట్టించే బిళ్ళ, సనావుల్లానే బిగించేవాడు. అందులో మందు పోసి, పైన గుండు కూర్చి, మీట నొక్కడం పోశయ్య వంతు.

రెండు వేల పద్నాలుగు చలికాలంలో కొత్త రకం పని వచ్చింది. పెద్ద ఇళ్ళకు కాపలా కాసే ఒక కంపెనీ మనుషులు, చొక్కా కింద దాచుకునే పొట్టి రివాల్వర్లతో సాధన చేయడానికి వస్తామన్నారు. వాటికి వేసే గుండ్లు చూసి పోశయ్య ముక్కున వేలేసుకున్నాడు. ఒక్కొక్క దాని తలలో చిన్న గుంట.

"ఏంది ఉస్తాద్, పుచ్చు వట్టిన పల్లు లెక్కున్నది. గిది ఖరాబు మాలు గాదా?"

"మంచి మాలేరా. తగలంగానే ఆ గుంట పువ్వు మాదిరి ఇచ్చుకుంటాది. మనిషిలోనే ఆగిపోతాది, అవతల నిలబడిన అమాయకుడికి పోయి తగలదు. ఇంట్లో పిల్లోళ్ళు ఉంటారు గదా, అందుకు. అయితే ఈ తుపాకికి గొట్టం పొట్టి. గుండుకు ఊపు రాకముందే బయటపడతాది. ఊపు లేకుంటే ఇచ్చుకోదు. అందుకే దీని మందు నేను కొలిచి పెట్టినట్లే ఉండాల, నువ్వు సొంత తెలివి సూపొద్దు."

పోశయ్య సొంత తెలివి చూపలేదు. పాత అలవాటు ఒక్కటే మానలేదు.

పని మొదలెట్టగానే మొదటి తూటా పోశమ్మకు. కాని అందులో మందు పోసేవాడు కాదు. మందు కఫీల్ సొమ్ము, అది తీసి దేవతకు పెడితే దొంగ మొక్కు అవుతుంది. అందుకని ఉత్త గొట్టానికి గుండు కూర్చి, కిటికీ గట్టు మీద ఏసీ వెనక నిలబెట్టేవాడు. సాయంత్రం దాన్ని మళ్ళీ విప్పి, గొట్టం గొట్టంలోకి, గుండు గుండ్లలోకి చేర్చేవాడు. అమ్మకు అమ్మ వాటా అందింది, కఫీల్‌కు చిటికెడు నష్టం లేదు. ఇంత ధర్మంగా ఆలోచించిన మనిషికి, అడుగున ప్రైమర్ ఉన్న ఆ తూటా పైకి అచ్చం మిగతా వాటిలాగే కనిపిస్తుందన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఆ రోజు కాపలా మనుషులు చెప్పిన వేళ కంటే ముందే దిగారు. పోశయ్య గొట్టాలు కడిగే తొట్టి దగ్గర ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి నింపిన తూటాల డబ్బాలు లేవు. చేతులు తుడుచుకుంటూ ఎందుకో ఏసీ వెనక్కి చూశాడు. గట్టు ఖాళీ.

"ఉస్తాద్! ఈడ నిలవెట్టిన తూటా ఏది?"

"ఆఁ?"

"తూటా! కిటికీ కాడిది!"

"అదా, డబ్బాలో ఒక దానికి చోటు మిగిలిపోయింటే ఏసినా. మహీధర్ సారు రేంజికి పట్టకపోయినాడు. ఏం, మీ నాయన సొమ్మా?"

బయట కాల్పులు మొదలయ్యాయి. ఒక్కొక్క మోతకూ కిటికీ అద్దం జివ్వుమంటోంది.

"అండ్ల మందు లేదు ఉస్తాద్."

"గట్టిగా సెప్పురా."

"మందు లేదు! అది అమ్మ వాటా! ఉత్తదే వెట్టిన!"

సనావుల్లా చేతిలోని గుడ్డ కింద పడింది. "ప్రైమర్ ఉండాదా?"

"ఉన్నది."

విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. మందు లేకపోయినా ప్రైమర్ ఒక్కటే చాలు, గుండును రివాల్వర్ గొట్టంలోకి నెట్టి అక్కడ ఇరికించడానికి. కాల్చినవాడు ఏమీ కాలేదనుకుని మళ్ళీ నొక్కితే, వెనక వచ్చే గుండుకు దారి ఉండదు. తుపాకి వాడి చేతిలోనే పగులుతుంది. వేళ్ళు పోతాయో, కళ్ళు పోతాయో.

"పరిగెత్తు! నా మోకాలు రాదు, నువ్వు పరిగెత్తు!"

పోశయ్య దగ్గు మరిచిపోయి పరిగెత్తాడు. కాల్పులు సాధన చేసే రేంజి గేటు దగ్గర బల్ల మీద కాగితాలు చూసుకుంటున్న మహీధర్, "ఏవయ్యా పోశయ్యా, చెవులకి కప్పులు లేకుండా లోపలికెళ్ళకూడదు!" అంటూ లేచాడు. మహీధర్ కాకినాడ మనిషి, క్లబ్బు ఆఫీసు వ్యవహారమంతా ఆయనదే. పోశయ్య ఆయన్ని దాటుకుని పోయి, వరసగా నిలబడి కాలుస్తున్న వాళ్ళ వెనక చేరి అరిచాడు.

"బంద్ కరో! ఖలాస్! ఖలాస్!"

ఒక్కడూ తిరగలేదు. అందరి చెవులకూ కప్పులే. దగ్గరికి పోయి భుజం తడదామంటే, చేతిలో తుపాకి ఉన్నవాడు ఉలిక్కిపడి ఎటు తిరుగుతాడో! క్వారీలో ఇలాంటప్పుడు ఎర్ర జెండా ఊపేవారు. ఇక్కడ జెండా ఏది? గోడకు మంటలార్పే ఇసుక బకెట్ వేలాడుతోంది. ఎర్రది.

దాన్ని లాగి, వరస పక్కన నిలబడి కాల్పులు నేర్పిస్తున్న శిక్షకుడి కంటికి కనపడేలా పక్కకు పోయి, రెండు చేతులా తల మీదకెత్తి ఊపాడు. ఇసుకంతా ఆయన నెత్తినా, వెనకాలే వచ్చిన మహీధర్ తెల్ల చొక్కా మీదా కుమ్మరించుకుపోయింది. శిక్షకుడు చూశాడు. చెయ్యెత్తాడు. కాల్పులు ఆగిపోయాయి.

"నీకేవన్నా పిచ్చి పట్టిందా?" మహీధర్ కళ్ళు నులుముకుంటూ అరిచాడు. "చూడు నా చొక్కా!"

"తిడుదువు గాని సార్, ముందుగాల తుపాకులు కింద వెట్టుమను. నా తప్పు ఉన్నది, అన్ని చెప్త."

కుంటుకుంటూ సనావుల్లా వచ్చాడు. విషయం విన్న మహీధర్ చొక్కా సంగతి మరిచిపోయాడు. రివాల్వర్లన్నీ ఖాళీ చేయించారు. సనావుల్లా సన్నటి చువ్వ తీసుకుని ఒక్కొక్క తుపాకి గొట్టంలోకి దూర్చి చూశాడు. అన్నిట్లోనూ చువ్వ సాఫీగా అటు నుంచి ఇటు వచ్చింది. ఎక్కడా ఏమీ ఇరుక్కోలేదు. అంటే అది ఇంకా కాల్చని వాటిలోనే ఉంది.

మిగిలిన తూటాలన్నీ తెచ్చి బల్ల మీద గుడ్డ పరిచి పోశారు.

"తూకం వేస్తే తెలీదా?" అన్నాడు మహీధర్.

"మందు ఉండేదే ఇంత. గొట్టాలు ఒకదానికొకటి తూకంలో తేడా ఉంటాయి సార్, నమ్మలేం. ఊపితే లోపల మందు కదిలే చప్పుడు వస్తాది. అయితే నాకు వినపడదు," సనావుల్లా తన చెవి చూపించుకున్నాడు. "ఒరే, నువ్వే ఇనాల."

పోశయ్య మొదటి తూటా చెవి దగ్గర పెట్టి ఊపాడు. ఏమీ లేదు. రెండోది. ఏమీ లేదు. మూడోదీ అంతే. చెమట కారిపోయింది.

"అన్ని గట్లనే ఉన్నయి ఉస్తాద్!"

"నువ్వు ఇంటాండేది నీ గుండెకాయ చప్పుడు రా, తూటాది కాదు. కూర్చో. నీళ్ళు తాగు."

కూర్చున్నాడు, తాగాడు. కాస్సేపు కొండల వైపు చూస్తూ ఊపిరి తీసుకున్నాడు. ఈసారి ఊపితే లోపల గసగసాలు కదిలినట్టు చిన్న సవ్వడి వినిపించింది. ఆ ప్రాణం లేచి వచ్చిన ఊపులో ఒక్కొక్కటే విని పక్కకు పెడుతూ పోయాడు. చుట్టూ అంత మంది ఉన్నారా, ఒక్కరు దగ్గితే ఒట్టు.

గుడ్డ ఖాళీ అయింది. అన్నీ పలికాయి. పలకనిది ఒక్కటీ లేదు.

తుపాకి గొట్టాల్లో లేదు, గుడ్డ మీద లేదు. మరి అది ఏమైనట్టు? పోశయ్యకు క్వారీలో పేలని రంధ్రం కోసం వెతికిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. దొరికేదాకా ఎవరూ కదలకూడదు. "ఇంకా యాడనో ఉన్నది సార్. ఎవ్వర్ని వోనియ్యకు," అన్నాడు.

అప్పుడు కాపలా మనుషుల్లో ఒకడు, గుబురు మీసాలవాడు, నసుగుతూ ముందుకొచ్చాడు. త్వరగా నింపుకోవడం సాధన చేద్దామని కొన్ని విడిగా ప్యాంటు జేబులో వేసుకున్నాడట. "మేరే పాస్ భీ హై, భాయ్," అంటూ గుప్పెడు తీసి బల్ల మీద పెట్టాడు.

పోశయ్య ఒకటి ఊపాడు. పలికింది. ఇంకొకటి, పలికింది. ఆ తర్వాతది ఊపి ఆగాడు. మళ్ళీ ఊపాడు. రెండో చెవి దగ్గర పెట్టి ఊపాడు. దాన్ని సనావుల్లా చేతిలో పెట్టాడు.

సనావుల్లా దాన్ని విప్పే పనిముట్టులో బిగించి, నేలకేసి కొట్టాడు. గుండు ఊడి వచ్చింది. గొట్టాన్ని అరచేతిలో బోర్లించాడు. ఒక్క రవ్వ రాలలేదు.

"ఖాళీ!" అన్నాడు, అరచేయి అందరికీ చూపిస్తూ. "ఖాళీరా నాయనా!"

మీసాలవాడు తన చేతి వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఉన్నట్టుండి పోశయ్యను కావలించుకున్నాడు. మహీధర్ కుర్చీలో కూలబడ్డాడు. "ఓరి నాయనో, నా పీకల మీదకి తెచ్చారు కదయ్యా ఇద్దరూ," అన్నాడు గాని అందులో కోపం లేదు.

కాల్పులు ఆగిన సంగతి తెలిసి క్లబ్బు ముదీర్ వచ్చాడు, పెద్దమనిషి, ఆ ఊరి అరబ్బే. ఇక అయిపోయిందనుకున్నాడు పోశయ్య. వీసా కొట్టేస్తారు, ఇంటికి పంపిస్తారు, అంతకంటే ఎక్కువైతే పోలీసులు. మహీధర్ ఏదీ దాచకుండా చెప్పాడు. మధ్యలో సనావుల్లా, "డబ్బాలో ఏసింది నేను. బయట దొరికింది లోపల ఎయ్యకూడదని అందరికీ సెప్పేవాణ్ణి, నేనే ఏసినా," అని తన వంతు కలిపాడు.

ముదీర్ పోశయ్య నెత్తి మీది ఇసుకను చూశాడు. ఇంతకీ ఆ వాటా ఎవరికి పెట్టావని అడిగాడు.

"మా ఊరి తల్లి సార్. పిల్లలకు రోగం రొష్టు రాకుంట కాస్తది."

మహీధర్ దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి కాస్త తంటాలు పడ్డాడు. ముదీర్ వింటూ తలూపాడు. పిల్లల్ని కాచే తల్లికి తూటా ఎందుకు పెడతారు, అన్నాడు. రేపటి నుంచి ఖర్జూరం పెట్టమను, ఖర్చు ఆఫీసుది. లోడింగ్ రూములో కాదు, బయట. పోతూ పోతూ వెనక్కి తిరిగి, కాల్పులు ఎవరైనా ఆపవచ్చని ఈ క్లబ్బులో మొదటి నుంచీ నియమం ఉంది, ఇన్నేళ్ళలో ఆపినవాడు ఇతనొక్కడే అన్నాడు.

"ఖలాస్. ఇతనికి చాయ్ ఇప్పించు."

చాయ్ తాగుతూ పోశయ్య ఇంటికి ఫోన్ చేశాడు. భార్య సమ్మవ్వ పొద్దున్నుంచీ బీడీల చాట ముందే కూర్చుని ఉంది. జరిగిందంతా ఆయన పూస గుచ్చినట్టు చెబితే విని, చాట పక్కకు నెట్టింది.

"ఏందయ్యా, పానం మంచిగున్నదా నీకు?"

"మంచిగున్నదే. అందరియి మంచిగున్నయి."

"మరి అమ్మకు ఉత్త డొల్ల వెడ్తవా? గందుకే గుస్సయింది! ఇస్తె నిండుగియ్యాలె, లేకుంటె చేతులు జోడిచ్చి దండం వెట్టి ఊకోవాలె. అమ్మ తోని గూడ లెక్కలేనా!"

"మందు కఫీల్‌ది గదనే..."

"కఫీల్‌ది కఫీల్‌కే ఉంచు. ఖర్జూరం అన్నడు గద, మంచిది చూసి వెట్టు. పుచ్చువి వెట్టకు."

పోశయ్య నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. రేంజిలో మళ్ళీ కాల్పులు మొదలయ్యాయి. ఒక్కొక్క మోతా నిండుగా, గట్టిగా వినిపిస్తోంది. ఆయన ఫోను జేబులో వేసుకుని, జుట్టులోని ఇసుక దులుపుకోవడానికి నల్లా దగ్గరికి నడిచాడు.